మట్టి ఇంటి కథ ఎవరితో మొదలవ్వాలి

మా క్యాంపు డెబ్బై ఏళ్ల ఉత్సవానికి ఒక ప్రత్యేక సంచిక వేస్తున్నారు. అందులో మా తాత కట్టిన మట్టి ఇంటి గురించి రెండు పేజీలు రాసివ్వమని పెద్దలు నన్ను అడిగి, మిగతా సంచిక ఎలా ఉంటుందో తెలియడానికి అప్పటికే రాసిపెట్టిన తొలి ప్రతిని పంపారు. కర్ణాటకలో గంగావతి నుంచి సింధనూరు వెళ్లే దారి పొడుగునా, తుంగభద్ర ఎడమ కాలువ కింద ఉన్న తెలుగు క్యాంపుల్లో, అంటే ఆంధ్ర వైపు నుంచి వచ్చిన రైతులు కట్టుకున్న ఊళ్లలో, పుట్టిన ఎవరికైనా ఆ ప్రతిలోని కథ కంఠతా వచ్చినదే. ముళ్లకంపలు తప్ప ఏమీ లేని బీడు, పాములు, జ్వరాలు, ఎడ్లబండ్ల మీద వచ్చిన తొలి కుటుంబాలు, వాళ్ల చెమటతో బంగారం పండిన నేల. ఆ కథలో మా ఇంటికి ప్రత్యేకమైన చోటు ఉంది. ఆ బీడులో లేచిన మొట్టమొదటి ఇల్లు అదేనని రాశారు.

ఆ ప్రతి చదివాక నేను రాయవలసిన రెండు పేజీలు ఒక పట్టాన కుదరలేదు. ఆ ఇంటి మీద నాకు ప్రేమ లేక కాదు. మా కుటుంబంలో దాన్ని పడగొట్టకుండా ఉంచాలని పట్టుబట్టే కొద్దిమందిలో నేను ఒకణ్ణి. అయితే ఉంచడానికి వాళ్లు చెప్పే కారణమూ, నేను చెప్పే కారణమూ ఒకటి కావు. ఆ ఇంటి కథ మా తాత బండి దిగిన రోజుతో మొదలైతే అది సగం కథే అవుతుంది. దాన్ని ఆ పొలం అమ్మిన రైతుతోనూ, ఆ ఇటుకలు కోసిన మనుషులతోనూ మొదలుపెట్టాలి. అలా చెప్పేటట్టయితేనే ఆ ఇంటిని నిలబెట్టడానికి అర్థం ఉంటుందని నేను నమ్ముతున్నాను. ఎందుకు నమ్ముతున్నానో, ఎక్కడెక్కడ నాకే అనుమానాలు ఉన్నాయో ఇక్కడ విడమరచి రాస్తున్నాను.

ఇటుకలో ఉన్నది

ఇల్లు పెద్దది కాదు. రెండు గదులు, ముందు వసారా, వెనక వంటకు ఒక చిన్న పంచ. గోడలు మూరకు పైగా మందం. కాల్చని పచ్చి ఇటుకలు, మట్టి అడుసుతోనే పేర్చినవి. రెండు గదులు 1955 వేసవిలో లేచాయి, వసారా మరో ఆరేడేళ్లకు కట్టారు. మొదట్లో పైన గడ్డి కప్పు ఉండేది. వసారా కట్టినప్పుడు దాన్ని తీసేసి బంగళా పెంకులు వేశారు. ఆ పెంకులు మునిరాబాదు స్టేషనులో దిగితే బండ్ల మీద తెచ్చుకున్నామని, దారిలో పగిలినవాటిని కూడా పారేయకుండా పొయ్యి దగ్గర పరిచామని నాయనమ్మ చెప్పేది.

నల్లరేగడి ఇటుకకు పనికిరాదు. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. అచ్చులో పోసిన ఇటుక ఆరేలోపే రెండు ముక్కలవుతుంది. తెనాలి వైపు నుంచి వచ్చిన మా వాళ్లకు రేగడి గుణం తెలియనిది కాదు. కానీ అక్కడ మట్టిగోడ పెట్టే పద్ధతి వేరు. ముద్ద మీద ముద్ద వేసి, ఒక వరస ఆరాక మరో వరస లేపుతారు. ఇక్కడి ఎండకు, ఇక్కడి మట్టికి ఆ గోడ నిలవలేదు. మొదట పెట్టిన గోడ నడుము ఎత్తు దాకా లేచి నిలువునా చీలిందని మా పెదనాన్న చెప్పేవాడు. గుట్ట వారన ఉన్న ఎర్రమట్టిని, పాత ఊరి చెరువు పూడికను ఎంత పాళ్లలో కలపాలో, పొట్టు ఎంత వేసి ఎన్ని రోజులు నాననివ్వాలో, ఏ పొద్దులో తిరగెయ్యాలో మా వాళ్లకు చెప్పినవాళ్లు ఇక్కడివాళ్లే. చెప్పడమే కాదు, చేసిపెట్టిందీ వాళ్లే.

కిందటి వానాకాలం వెనకగోడ అడుగుభాగం కూలింది. ఆ పెళ్లలను ఎత్తిపోస్తున్నప్పుడు ఒక ఇటుక నడిమికి విరిగి నా చేతిలో ఉండిపోయింది. లోపల వేలెడు పొడవున జొన్న ఆకు ఈనెలు, చొప్ప తునకలు, ఎండి తేలికైపోయినా ఆకారం చెడకుండా ఉన్నాయి. అక్కడక్కడా జొన్న గింజ పైపొట్టు కూడా మెరుస్తూ కనిపించింది. ఆ తరువాత వసారా గోడలో వదులైన ఇటుకను తీసి విరిచి చూశాను. దాని నిండా వరి ఊక, సన్నగా తరిగిన వరిగడ్డి. ఒకే ఇంటి రెండు గోడల మధ్య ఒక ప్రాంతపు పంట మారిపోయింది.

ఇది చిన్న సంగతి అనిపించవచ్చు. కానీ సంచికలో రాసిన కథను ఈ రెండు ఇటుకలు ఒప్పుకోవు. ఎడమ కాలువలోకి నీళ్లు వదిలింది 1953లో అయినా, మా ఉపకాలువ తవ్వి, మా పొలం మీదికి తూము పెట్టి నీళ్లు పారించడానికి ఇంకా కొన్నేళ్లు పట్టింది. 1955 వేసవిలో ఇక్కడ వరిగడ్డి లేదు. అందుకే ఆ ఇటుకల్లో జొన్న పొట్టు పడింది. ఆ జొన్నను మా వాళ్లు పండించలేదు, అప్పటికి వాళ్లు ఒక్క పంట కూడా తీయలేదు. ఆ పొట్టు ఎవరిదో కళ్లం నుంచి వచ్చింది. కళ్లం ఉందంటే పంట ఉంది, పంట ఉందంటే దున్నినవాడు ఉన్నాడు. అక్కడ బీడు తప్ప ఏమీ లేదన్న మాట మా ఇంటి గోడ ముందే నిలవడం లేదు.

నాలుగు హద్దులు

గోడ చెప్పినదాన్నే కాగితం కూడా చెప్పింది. మా తాత కొన్న పొలం దస్తావేజు ఉర్దూలో ఉంది. రాయచూరు జిల్లా అప్పటికి హైదరాబాదు రాష్ట్రంలోదే, 1956 నవంబరు 1న కదా మైసూరు రాష్ట్రంలో కలిసింది. మా ఇంట్లో ఇన్నేళ్లుగా ఆ కాగితాన్ని పసుపు రాసి పెట్టెలో భద్రపరిచారే కానీ చదివినవాళ్లు లేరు. సింధనూరులో ఉర్దూ బడిలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక పెద్దాయన ఓపికగా చదివి, ఒక్కొక్క వాక్యం నాకు చెప్పారు.

అందులో పొలం హద్దులు ఉన్నాయి. తూర్పున ఒకరి పొలం, దక్షిణాన ఆయన అన్నదమ్ముల పొలం, ఉత్తరాన మరొకరి పొలం, పడమట పశువులు నడిచే బాట. నాలుగు దిక్కుల్లో మూడింట మనుషుల పేర్లు. ఆ పొలంలో ఉన్న వేపచెట్లను కూడా కలిపి అమ్ముతున్నట్టు స్పష్టంగా రాశారు. ఖాళీ భూమికి ఇలాంటి హద్దులు ఉండవు. పశువుల బాట అంటే ఊరి మందలు రోజూ నడిచిన దారి. ఆ బాట ఇప్పుడు లేదు. దాన్ని మేం చేల గట్లలో కలిపేసుకున్నామో, కాలువ తవ్వినప్పుడు పోయిందో చెప్పగలిగినవారు మా వైపు ఎవరూ మిగల్లేదు.

పొలం అమ్మిన రైతు మనవడు మా క్యాంపుకు రెండు మైళ్లలో ఉన్న పాత ఊళ్లోనే ఉంటున్నాడు. ఇన్నేళ్లలో పెళ్లిళ్లకూ పేరంటాలకూ పిలుచుకున్నాం కానీ ఈ విషయం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. నేను వెళ్లి అడిగినప్పుడు అతను కోపంగా ఏమీ మాట్లాడలేదు, బాధగా కూడా మాట్లాడలేదు. తమ తాత అమ్మడానికి కారణాలను కన్నడంలో వరసగా చెప్పాడు. వరసగా రెండేళ్లు వానలు తప్పాయి. కాలువ వస్తుందని అందరూ సంతోషించినా, నీళ్లు పారాలంటే ఏటవాలు పొలాన్ని చదును చేసి మళ్లు కట్టాలి, దానికి ఎడ్లు కావాలి, మనుషులు కావాలి, చేతిలో డబ్బు కావాలి. నీటిపారుదల వల్ల భూమి విలువ పెరిగిందని ప్రభుత్వం వేరే పన్ను వేస్తుందన్న భయం ఒకటి. జొన్న, పత్తి, వేరుశనగ తెలిసిన మనిషికి మోకాలి లోతు బురదలో చేసే సేద్యం తెలియదు. అదే సమయంలో తెనాలి వైపు ఎకరం అమ్ముకుని వచ్చినవాళ్లు ఇక్కడ అంతకు ఎన్నో రెట్ల భూమికి రొక్కం లెక్కపెట్టి ఇస్తామన్నారు. ఆయన అమ్మాడు. అప్పు తీరింది. కూతురి పెళ్లి అయింది.

అతను మరో మాట చెప్పాడు. ఇల్లు కడుతున్నప్పుడు కాపలాకు ఎవరూ లేకపోతే తన తాతే రాత్రుళ్లు వచ్చి ఇటుకల దగ్గర పడుకునేవాడట. ఒక అకాలవాన రాత్రి ఆరబెట్టిన ఇటుకల మీద జొన్నచొప్ప కప్పి కాపాడింది ఆయనేనట. ఈ సంగతి మా ఇంట్లో నేను ఎన్నడూ వినలేదు. నిజమో కాదో తేల్చుకునే దారి నాకు లేదు. అయినా సంచికలో అచ్చయ్యే మా ఇంటి కథల్లో చాలావాటికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం లేదు.

తెలుగు మాతోనే రాలేదు

ఇటుకలు కోసింది వడ్డెర కుటుంబాలు. చెరువులు తవ్వడం, రాయి కొట్టడం, మట్టిపని వాళ్ల కులవృత్తి. రాయచూరు, కొప్పళ, బళ్లారి జిల్లాల్లో తరతరాలుగా ఉంటూ ఇళ్లలో తెలుగు మాట్లాడుకునే వాళ్లు. ఎడమ కాలువ తవ్వకంలోనూ ఇలాంటి చేతులే పనిచేశాయి. మా ఇంటి ఇటుకల పనికి చిన్నపిల్లగా వచ్చిన ఒక ముసలామె ఇప్పటికీ ఉంది. ఎనభై దాటింది. చూపు తగ్గింది కానీ జ్ఞాపకం తగ్గలేదు.

ఆమె నాతో మాట్లాడిన తెలుగు మా క్యాంపు తెలుగు కాదు. కన్నడపు యాస, మా చెవికి కొత్తగా వినిపించే క్రియలు ఉన్నా, నిఖార్సయిన తెలుగు. "అచ్చు కొట్టిండేది మా నాయన. మట్టి తొక్కిండేది మా అమ్మ, చిన్నమ్మ. ఎండిన ఇటికెలు తిప్పి పెట్టేది నేనూ మా అక్కా. మీ అవ్వ మాకు మజ్జిగ పోసేది నాయనా, మంచి మనిషి," అంది. కూలి ఎంత ఇచ్చేవారని అడిగితే జొన్నలు కొలిచి ఇచ్చేవారని, డబ్బు పని అంతా అయిపోయాక చివర్లో ఇచ్చారని చెప్పింది.

ఆ సాయంత్రం నుంచి సంచికలోని ఒక అధ్యాయం నన్ను మరింత ఇబ్బంది పెడుతోంది. ఈ నేల మీదికి తెలుగును మేమే తెచ్చామన్న ధోరణిలో ఆ అధ్యాయం సాగుతుంది. మా తాత బండి దిగినప్పుడు ఆయన మాటకు తెలుగులో బదులు చెప్పిన మొదటి మనుషులు ఆ వడ్డెరవాళ్లే అయి ఉంటారు. పొలాల యజమానులుగా వచ్చిన తెలుగువాళ్ల పేర్లు పాలరాతి మీదికి ఎక్కుతున్నాయి. మట్టి తొక్కిన తెలుగువాళ్ల పేర్లు అడిగినవాళ్లు కూడా లేరు. మాతృభాష అభిమానం గురించి అంత పొడుగున రాసిన అధ్యాయంలో ఈ మాట లేకపోవడం నాకు న్యాయంగా తోచలేదు.

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర ఆనకట్ట 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు మా క్యాంపులో వారం రోజులు ఎవరికీ నిద్ర లేదు. సంచికలో దాని గురించి మూడు పేజీలు ఉన్నాయి. ముప్పై మూడు గేట్ల ఆనకట్టలో ఒక్కటి పోతే వేల ఎకరాలు ఎండుతాయన్న భయం ఎలాంటిదో ఆ పేజీలు బాగా చెప్పాయి. పారుతున్న నీళ్ల మీదే, పోయిన గేటు చోట తాత్కాలికంగా అడ్డు నిలిపే ఉక్కు పలక అయిన స్టాప్‌లాగ్ దింపించిన గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు గారి గురించి ఎంత గౌరవంగా రాశారో, ఆ హోరు మీద నిలబడి పనిచేసిన కార్మికుల గురించి కూడా అంతే గౌరవంగా రాశారు. చదివి సంతోషించాను. నిన్నమొన్నటి పనిలో చేతుల్ని గుర్తించడం తెలిసిన మనకు డెబ్బై ఏళ్ల కిందటి పనిలో మాత్రం అవి ఎందుకు కనబడవు?

బాబాయి అడిగిన ప్రశ్న

ఇదంతా రాసి మా బాబాయికి చూపించాను. ఆయన సంచిక సంఘంలో ఉన్నారు. మెల్లగా చదివి, కళ్లజోడు తీసి, "మనం ఎవరినీ వెళ్లగొట్టలేదురా. డబ్బిచ్చి కొన్నాం. మీ నాయనమ్మ మెళ్లో నాను, చేతి గాజులు అమ్మితే చదునైంది ఆ పొలం. మీ మేనత్త ఒకతి జ్వరంతో పోయింది ఆ ఇంట్లోనే. మన కష్టం చెప్పుకునే ఒక్క పేజీలో కూడా వాళ్ల పేర్లేనా?" అన్నారు.

ఈ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోలేను. తొలితరం పడిన కష్టం అబద్ధం కాదు. నేలను చదును చేయడం అంటే ఇప్పటిలా లేజర్ యంత్రం పెట్టి రెండు రోజుల్లో ముగించే పని కాదు. ఎడ్లకు పలక కట్టి, మిట్ట నుంచి పల్లానికి మట్టి లాగుతూ రెండు మూడు వేసవులు గడిపారు. చుట్టూ భాష రాని ఊళ్లు, దగ్గర్లో వైద్యుడు లేడు. నిలవనీరు చేరిన చోటల్లా దోమ పెరిగింది. మా మేనత్తకు ఏ జ్వరం వచ్చిందో కూడా చెప్పేవాళ్లు లేకపోయారు. నాయనమ్మ ఆ గదిలో ఒక మూల ఎప్పుడూ దీపం పెట్టేది. ఎందుకని ఎవరూ అడిగేవాళ్లు కాదు.

పొలం అమ్మినవాళ్ల పేరు రాస్తే ఈ కష్టం తగ్గిపోతుందా అని నన్ను నేను చాలాసార్లు ప్రశ్నించుకున్నాను. తగ్గదని నా నమ్మకం. బీడును బంగారం చేశామని చెప్పుకోవడానికి మాత్రం ఆ బీడు కావాలి, అది లేకపోతే ఆ వాక్యం నిలవదు. కష్టం చెప్పుకోవడానికి బీడు అక్కర్లేదు. జొన్న పండే నేలను మడిచేలుగా మార్చడానికి పడిన శ్రమను అలాగే చెప్పవచ్చు. అది నిజం కాబట్టి ఎవరి పేరు పక్కన రాసినా చెక్కుచెదరదు.

బాబాయి మాటలో నాకు ఇంకా తెగని ముడి ఒకటి ఉంది. చట్టప్రకారం కొన్నదాన్ని కొన్నామనే కదా అనాలి. నేను మా వాళ్లను నేరస్థులుగా నిలబెట్టడం లేదు. అయితే అమ్మినవాడు అవసరంలో అమ్మాడు, కొన్నవాడు రాబోయే నీటి విలువ తెలిసి కొన్నాడు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో కాలువ సేద్యం మూడు తరాలు చూసినవాళ్లకు తూము పక్క ఎకరం ఏమవుతుందో ముందే తెలుసు. అంతకుముందు 1931లో పూర్తయిన నిజాంసాగర్ కింద బోధన్, వర్ని వైపు వెళ్లి స్థిరపడినవాళ్ల ఉదాహరణ కూడా కళ్లముందు ఉంది. ఆ తెలివిని తప్పు అనలేను. ధైర్యంతో పాటు ఆ తెలివి కూడా మా వాళ్ల దగ్గర ఉందని రాయకుండా కేవలం ధైర్యం గురించే రాస్తే మాత్రం పాఠకుడికి అన్యాయం చేసినట్టే.

వసారా ఇటుకలు

ఇక వరి ఊక ఉన్న ఇటుకల సంగతి. ఇది రాస్తే క్యాంపులో నాతో మాట్లాడటం మానేసేవాళ్లు ఉంటారని తెలిసే రాస్తున్నాను.

ఎడమ కాలువను రూపొందించినప్పటి ఆలోచన వరి కోసం కాదు. కరువు ప్రాంతంలో వీలైనంత ఎక్కువ భూమికి కొద్దికొద్దిగా నీళ్లిచ్చి జొన్న, పత్తి, వేరుశనగ వంటి పంటలను కాపాడాలన్నది ఉద్దేశం. ఏ సర్వే నంబరులో ఏ పంట వేయాలో ముందే నిర్ణయించారు. వరికీ చెరకుకూ కేటాయించింది కొద్ది భాగమే. మా పొలంలో ఎక్కువ భాగం ఆరుతడి పంటలకు కేటాయించినది. మేం వరి వేశాం. మా పక్కవాళ్లు వేశారు. తరువాత ఇరుగుపొరుగు ఊళ్ల కన్నడ రైతులూ వేశారు. ఎగువన మడి నిండా నీళ్లు కడితే దాదాపు 227 కిలోమీటర్ల కాలువ చివర మాన్వి, రాయచూరు తాలూకాల్లో ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. అక్కడి రైతులు నీటి కోసం ఏటా రోడ్డెక్కే వార్త మాకు కొత్త కాదు. పూడిక పేరుకుని జలాశయం 133 టీఎంసీల నుంచి సుమారు 105కు తగ్గాక ఆ కొరత ఇంకా పెరిగింది.

మా వసారా ఆ వరి డబ్బుతో లేచింది. బంగళా పెంకులు ఆ డబ్బుతో వచ్చాయి. నా చదువూ ఆ డబ్బుదే. దీన్ని తలచుకున్నప్పుడు నా మనసు రెండు వైపులా లాగుతుంది. వరి లేకపోతే కారటగి, గంగావతి రైస్‌మిల్లులు లేవు, సోనామసూరి బియ్యానికి ఈ పేరు లేదు, వేలాది కూలీలకు నాట్లూ కోతలూ లేవు. ఒకప్పుడు వలస పోయిన ఊళ్లకే ఇప్పుడు నాట్ల కాలంలో పనివాళ్లు వస్తున్నారు. ఇవన్నీ మేలే. చివరి తూము దగ్గర ఎండిన పత్తిచేను కూడా అంతే నిజం. ఆ రెండింటినీ తూకం వేసి తీర్పు చెప్పే శక్తి నాకు లేదు. కానీ ఇంటి కథలో మొదటిదే రాసి రెండోదాన్ని వదిలేయమంటే ఒప్పుకోలేను. ఆ ఊక గోడలో ఉంది, చేతితో తీసి చూపించగలను.

అలికేది ఎవరు

ఇంటిని ఉంచాలా వద్దా అన్న చర్చలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆలోచింపజేసింది మా అమ్మ. కొత్త డాబాలోకి మారేదాకా ఇరవై ఏళ్లకు పైగా ఆ ఇంటి పని ఆమె చేసింది. అందరం ఇల్లు నిలబెట్టాలని ఉత్సాహంగా మాట్లాడుతుంటే, "ఆ గోడలు అలికి అలికి నా చేతులు పగిలిపోయినాయి. ఉంచుకుంటే ఉంచుకోండి. పండక్కి పండక్కి అలికేది ఎవరో అది ముందు తేల్చండి," అంది.

మట్టి ఇల్లు ఒకసారి కట్టి వదిలేసేది కాదు. ప్రతి వానకూ గోడ కొంత కరుగుతుంది, ప్రతి ఏడాదీ పూత వేయాలి. పేడా ఎర్రమట్టీ కలిపి అలకాలి, చూరు సర్దాలి, చెదలు గమనించాలి, గోడ మొదట్లో నీళ్లు నిలవకుండా వాలు చేయాలి. మా ఇల్లు డెబ్బై ఏళ్లు నిలిచిందంటే కట్టినవాళ్ల గొప్పతనం కన్నా దాన్ని ఏటా మళ్లీ మళ్లీ కట్టుకుంటూ వచ్చిన నాయనమ్మ, పెద్దమ్మ, అమ్మల పనే ఎక్కువ. సంచికలో కుటుంబ యజమానుల ఫొటోల వరసలో వాళ్లు లేరు.

ఈ పని తప్పించుకోవడానికే ఎనభైల్లో మా వాళ్లు గోడలకు బయటా లోపలా సిమెంటు పూత వేయించారు. ఆడవాళ్లకు విశ్రాంతి ఇద్దామన్నదే ఉద్దేశం, దాన్ని తప్పుపట్టను. కానీ మట్టిగోడ నేల నుంచి చెమ్మ పీల్చుకుంటుంది, పీల్చిన చెమ్మను గాలికి వదిలేస్తుంది. పైన సిమెంటు కప్పితే ఆ చెమ్మకు బయటికి దారి ఉండదు. పూత వెనకే ఇటుక మెత్తబడుతూ వస్తుంది. పైకి చూస్తే గోడ బాగానే కనిపిస్తుంది, అడుగున మాత్రం పిండిలా రాలిపోతుంది. కిందటేడు కూలిన గోడలో సరిగ్గా అదే జరిగింది. పెళ్లలు ఎత్తినప్పుడు సిమెంటు పూత పలకలా నిలబడి ఉంది, దాని వెనక ఇటుక లేదు.

అందుకే గోడలకు పాలరాయి అతికించి, ముందు ఇనుప గేటు పెట్టి స్మారకంగా మారుద్దామన్న మా అన్నదమ్ముల ఆలోచనకు నేను ఒప్పుకోలేదు. అలా చేస్తే లోపలి గోడ పోయి పైపొట్టు మిగులుతుంది. ముందుగా సిమెంటు పూత అంతా జాగ్రత్తగా ఊడదీయాలి. గోడ చుట్టూ కాలువ తీసి నీళ్లు దూరంగా పంపాలి. కూలిన భాగాన్ని పచ్చి ఇటుకతోనే కట్టి, మట్టి పూత మీద సున్నం వేయాలి. ఏటా అలకడానికి కూలి ఇచ్చి మనుషుల్ని పెట్టుకోవాలి, ఇంటి ఆడవాళ్ల మీద వేయకూడదు. దీనికి ఏటా ఖర్చు అవుతుంది. ఆ ఖర్చును పొలం పంచుకున్న వాటాల ప్రకారం భరించడానికి ముగ్గురు ఒప్పుకున్నారు, ఇద్దరు ఆలోచిస్తామన్నారు. కుదరకపోతే ఇంటిని దించేసి, ఉన్న నాలుగు దూలాలు, తలుపులు దాచుకోవడమే మేలని నా అభిప్రాయం. పాలరాతి ముసుగు వేసి మట్టి ఇల్లని పిలవడం కన్నా అది నిజాయితీగా ఉంటుంది.

పచ్చి ఇటుక కోసేవాళ్లు దొరకడమే ఇప్పుడు కష్టం. ఆ ముసలామె మనవడు గంగావతిలో పేరున్న మేస్త్రీ. అయితే అతనికి తెలిసింది కాంక్రీటు పని. అడిగితే, మట్టి పాళ్లు నానమ్మకు తెలుసని, ఆమె కూర్చుని చెబితే తాను చేయిస్తానని అన్నాడు. కూలి మాత్రం ఇప్పటి సిమెంటు పనికి ఎంత ఇస్తారో అంతే ఇవ్వాలన్నాడు. వెంటనే ఒప్పుకున్నాను. నానమ్మ కూర్చుని చెప్పే రోజులకు కూడా కూలి కట్టాలని అతను అడగలేదు, మేమే కడతామని చెప్పాను.

సంచికకు పంపినవి

నా రెండు పేజీలు నాలుగయ్యాయి. పొలం అమ్మిన రైతు పేరు ఆయన మనవడి అనుమతితో మొదటి వాక్యంలో ఉంది. ఆ తరువాత దస్తావేజులోని నాలుగు హద్దులు, పశువుల బాటతో సహా. తరువాత ఇటుకలు కోసిన కుటుంబంలో ముసలామెకు గుర్తున్న ఐదుగురి పేర్లు. ఆ తరువాతే మా తాత వస్తాడు. బాబాయి కోరినట్టు నాయనమ్మ నాను, గాజుల సంగతి చేర్చాను. మేనత్త గురించి కూడా రాశాను. అవి లేకపోతే అది మా ఇంటి కథ కాదు. ఇవి అడిగినందుకు ఆయనకు కృతజ్ఞుణ్ణి.

నీళ్ల గురించిన పేరా దగ్గర మాత్రం ఇంకా రాజీ కుదరలేదు. ఉత్సవం నాటికి ఎమ్మెల్యే గారు, నీటిపారుదల అధికారులు వస్తారని, వాళ్ల చేతికి ఇచ్చే పుస్తకంలో మన నోటితో మనమే కేటాయింపు మీరామని రాసుకోవడం ఏమిటని సంఘంలో ఇద్దరు అభ్యంతరం చెప్పారు. అందులో ఎవరికీ తెలియని రహస్యం ఏమీ లేదని, మాన్వి రైతులు దాన్ని ప్రతి ఏడాదీ మైకులో చెబుతూనే ఉన్నారని నేను బదులిచ్చాను. కావాలంటే ఆ పేరాలో మా పొలం పేరు, మా కుటుంబం పేరు మాత్రమే ఉంచి, క్యాంపు అన్న మాట తీసేస్తానని చెప్పాను. బాబాయి ఆ మాటకు తల ఊపారు కానీ సంఘం ఇంకా తేల్చలేదు. దసరా వెళ్లగానే సంచిక అచ్చుకు పోతుంది. ఆ పేరా తీసేస్తే మిగతా నాలుగు పేజీలు కూడా వెనక్కి తీసుకుంటానని రాతపూర్వకంగా తెలియజేశాను.